బడి తోటకు కుండలు

1946 జనవరి 17, గురువారం

కొత్త నోటుపుస్తకం మొదలుపెట్టినాను. పాతది నిండలేదు. అక్టోబరు దగ్గర ఆగిపోయింది. ఆ పేజీ పక్కన మళ్ళీ రాయబుద్ధి కాలేదు.

బడి వెనక ఖాళీ జాగాలో కూరగాయలు పండించాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. రేషను బియ్యం తగ్గించినారు గదా, ప్రతి బడీ చేతనైనంత పండించాలట. పెద్ద తరగతుల ఆడపిల్లల చేత మళ్ళు కట్టించినాము. వంక, మిరప, బెండ. బావి ఉంది. నీళ్ళు చేదడానికి ఆయా పోలేరమ్మ ఉంది. పిల్లలు మొక్కలకు నీళ్ళు పోయడానికి ఏ పాత్రలు కొనాలో హెడ్‌మిస్ట్రెస్సే చూసి ఎంచాలట. అంటే నేను.

మంచి పని. చిన్న పని. ఈ పుస్తకంలో దీన్ని గురించే రాస్తాను.

జనవరి 19

సాయంత్రం ఆనందమ్మను తోడు తీసుకుని రేకుల సాయిబు అంగడికి పోయినాను. ఆనందమ్మ మా బడిలో రెండో తరగతి టీచరు, మిషను కాంపౌండులో ఉంటుంది. ఎక్కడికి పిలిచినా వస్తుంది, దారి పొడుగునా మాట్లాడుతుంది. ఇప్పుడు నాకు అది నయం.

సాయిబు దగ్గర రేకు లేదు. యుద్ధం అయిపోయిందని అందరూ అంటున్నారు గానీ రేకు మాత్రం ఇంకా రాలేదన్నాడు.

"యుద్ధం అయిపోయినట్టు రేకుకు ఎవురూ చెప్పినట్టు లేదక్కా" అన్నది ఆనందమ్మ.

సాయిబు నవ్వినాడు. నేను నవ్వలేదు. అక్కడ నవ్వి ఉండవలసిందని ఇంటికొచ్చినాక తోచింది.

ఒకే ఒక డబ్బా ఉంది. పూలతోటల వాళ్ళ కోసం యుద్ధానికి ముందు చేసినది. పొడుగాటి ముక్కు, ముక్కు చివర జల్లెడ మూత. పూవాళి అంటారట అరవంలో. పిల్లల చేత ఎత్తించి చూసి చెప్తానని అడిగి తెచ్చుకున్నాను.

జనవరి 21

పూవాళి పనికిరాదు. తిరుమలమ్మ చేత ఎత్తించినాను. మూడో తరగతిలో అందరికంటే సన్నని పిల్ల. పేరు పెద్దది, పిల్ల చిన్నది. రెండు చేతులతో ఎత్తి రెండడుగులు వేసి పరికిణీ మీద పోసుకుంది. తరువాత మడి మీద వంచితే ఆ బరువుకు ముక్కు నేలకు గుద్దుకుని రెండు వంక మొలకలు కూలినాయి. పిల్ల ఏడవబోయింది. ఏడవనివ్వలేదు.

మధ్యాహ్నం లెక్కల గంటలో ఆ పిల్లకు నిద్ర వచ్చింది. నిద్ర వస్తే కుడిచెవి తమ్మె వేళ్ళ మధ్య పెట్టుకుని నలుపుకుంటుంది. మా అబ్బాయి కృష్ణమూర్తికీ ఆ అలవాటే. ఇరవై ఏళ్ళు వచ్చినా పోలేదు. చెవి నలుపుకుంటున్నాడంటే ఇక పలకరించి లాభం లేదు.

జనవరి 22

ఇంటి నుంచి తలా ఒక చెంబు తెచ్చుకోమన్నాను. ఒక్కరూ తేలేదు. ఇత్తడి చెంబు బడికి పోతే ఇంటికి తిరిగి రాదని తల్లులు అన్నారట. నేనైనా అంతే అనేదాన్ని. పోలేరమ్మ కిరసనాయిలు డబ్బాను సగానికి కోయించింది. అంచుకు ఒక పిల్ల వేలు తెగింది.

ప్రస్తుతానికి టెంకాయ చిప్పలతో పోస్తున్నారు. మడి ఒక కొస తడిసేసరికి రెండో కొస ఆరుతుంది.

సహస్రనామం చదువుతుంటే నడుమ ఎక్కడున్నానో తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివినాను.

జనవరి 24

కోడలు చంద్రకాంతమ్మ పాకాల నుంచి వచ్చింది. వాళ్ళ నాయనకు ఒంట్లో బాగలేదంటే పోయి వారం దినాలు ఉండి వచ్చింది. బాగా చిక్కిపోయింది. కుంకుమ బొట్టు చిన్నదైంది. ఆవగింజంత. వెలుతురులో నిలబడితే గానీ కనిపించదు. అద్దం మసకబారి ఉంటుంది, తుడిపించాలి.

వాళ్ళ నాయన గంగాధరం నాయుడు గారు కబురు పంపినారు. చిత్తూరులో టీచరు ట్రైనింగుకు చంద్రను చేర్పిద్దామంటారు. భర్త పోయిన ఆడవాళ్ళకు అక్కడ సీటూ వసతీ ఇస్తారట. నేనూ అట్లా మద్రాసులో చదివినదాన్నే. మా ఆయన పోయినప్పుడు కృష్ణమూర్తికి ఐదేళ్ళు. వాణ్ణి మరిది ఇంట్లో విడిచిపెట్టి పోయి చదువుకుని వచ్చినాను. అది మంచి సీటే. కానీ భర్త పోయిన వాళ్ళకు.

మా చంద్రకు భర్త ఉన్నాడని జవాబు చెప్పి పంపినాను.

జనవరి 26

మరిది మునిరామయ్య వచ్చినాడు. కాఫీ తాగి, ధరల సంగతులన్నీ మాట్లాడి, ఆఖరున అన్నాడు.

"వదినా, పెద్దల అమావాస్యకే అడిగితిని. మీరు కాదంటిరి. సింగపూరు నుంచి రావలసినోళ్ళందరూ వచ్చేసిరి. పడవలు కూడా ఆపేసినారంట. పిల్లోడు అట్లా దారీతెన్నూ లేకుండా తిరుగుతుంటాడు గదా. దర్భతో బొమ్మ చేసి కార్యం జరిపించేది శాస్త్రంలో ఉండాది."

నేను పళ్ళెంలో తమలపాకులు సర్దుతూ ఉన్నాను. బతికున్నవాడికి కార్యం చేసేది ఏ శాస్త్రంలో ఉందో కనుక్కోమన్నాను. గొంతు పెంచలేదు. నాకు గొంతు పెంచడం రాదు.

"గురప్ప చెప్పింది మీరు నమ్మలేదు" అన్నాడు మరిది.

గురప్ప అక్టోబరులో వచ్చినవాడు. పాకాల మనిషి. సింగపూరులో జపాను వాళ్ళ చేతికి చిక్కి, చెర విడిచిపెట్టినాక నేరుగా ఈ ఇంటికి వచ్చినాడు. సప్లై డిపో గుమాస్తా కృష్ణమూర్తి జ్వరంతో పోయినాడనీ, తాను పక్కనే ఉన్నాననీ అన్నాడు. మనిషి ఎట్లా ఉండేవాడని అడిగినాను. వంగిపోయి, పొట్టిగా ఉండేవాడన్నాడు. మావాడు పొడుగు. గడప దాటాలంటే తల వంచాలి. కృష్ణమూర్తులు సైన్యంలో ఎందరుంటారు. పాపం వేరే ఎవరి బిడ్డో. గురప్పకు మజ్జిగ ఇచ్చి పంపినాను.

అతను చెప్పిన మనిషి పొట్టి. మావాడు పొడుగు.

జనవరి 29

పాత్రల సంగతి తేలింది. రేకు లేకపోతే మట్టి ఉంది గదా. ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదో.

ఊరి బయట కుమ్మరి వెంకటముని ఇంటికి పోయినాను. పిల్లలు మోయగలిగినంత చిన్న కుండలు, నీళ్ళు పడేదానికి చిల్లులు పెట్టి కావాలన్నాను.

"సిల్లులు ఎన్ని పెట్టేదమ్మా?"

"మూడు."

"మూడు యాడ సాలతాయి? అడుగున సన్నంగా జల్లెడ మాదిరి పొడిస్తా. వాన పడినట్టు పడతాయి నీళ్ళు."

అడుగున వద్దన్నాను. పక్కన, ఒకదాని కింద ఒకటిగా మూడు చాలన్నాను. వెంకటముని సారె తిప్పడం ఆపి నా మొహం చూసినాడు.

"మూడేనామ్మా?"

"మూడే."

తడిచేతులతోనే దండం పెట్టినాడు.

దారిలో ఆలోచించుకున్నాను. అడుగున చిల్లులుంటే బావి దగ్గర నుంచి మడికి వచ్చేలోగా నీళ్ళన్నీ కారిపోతాయి. పక్కనుంటే పైపైన కొంచెం పోయినా వంచినప్పుడే బాగా పడతాయి. ఎక్కువ చిల్లులు పెడితే కుండకు బలం ఉండదు. మూడు సరైన లెక్క. స్వామి నామాలు కూడా మూడే. అన్నీ ఆలోచించే చెప్పినాను.

ఫిబ్రవరి 1

మొక్కలు ఉన్నాయి. టెంకాయ చిప్పలు.

ఫిబ్రవరి 2

అమావాస్య. తలకు పోసుకున్నాను. మా ఆయనకు మాత్రం నువ్వులు, నీళ్ళు మరిది చేత విడిపించినాను. వాడి పేరు ఎత్తవద్దని ముందే చెప్పినాను. ఎత్తలేదు.

చంద్ర ఆ పూట అన్నం తినలేదు. ఆకలి లేదంది.

ఫిబ్రవరి 5

ఆనందమ్మ కుండల మాట విని మెచ్చుకుంది. "మట్టికి కంట్రోలు లేదు గదక్కా ఇంకా" అన్నది. తుప్పు పట్టవు, వేళ్ళు తెగవు, పగిలితే ఇంకొకటి చేయించవచ్చునన్నది. అన్నీ నిజమే.

ఫిబ్రవరి 8

రథసప్తమి అని ఊరంతా కొండకు పోయింది. బడికి సెలవు. నేను పోలేదు. వాడు ఊరు విడిచేముందు ఇద్దరం కలిసి ఎక్కినాము. మోకాళ్ళ పర్వతం దగ్గర నేను కూర్చుండిపోతే నా చేతిసంచి కూడా వాడే తీసుకుని, "మెల్లగా రా అమ్మా, నేను పైన ఉంటాను" అన్నాడు.

వాడు వచ్చినాక పోవాలనే మొక్కు.

ఫిబ్రవరి 9

కుండలు వచ్చినాయి. బండిలో గడ్డి పరిచి తెచ్చినాడు వెంకటముని. ఎర్రగా కాలినాయి. ఒకటి తీసి వేలితో తడిమి చూసినాను. మూడు చిల్లులు, ఒకదాని కింద ఒకటి, నేను చెప్పినట్టే. వరండాలో బోర్లించి పెట్టించినాను. శనివారం గనుక పిల్లలు అప్పటికే వెళ్ళిపోయినారు.

వెంకటముని కుండలన్నీ దించినాడు. పోయేముందు, "అమ్మా, ధైర్యంగా ఉండండి" అన్నాడు. ఎందుకన్నాడో తెలియలేదు.

ఫిబ్రవరి 11, సోమవారం

సాయంత్రం పిల్లలకు కుండలు ఇచ్చినాము. సంతోషపడినారు. కొత్త కుండ వాసన చూసుకున్నారు. పోలేరమ్మ బావికి అవతల పక్క నిలబడి చేది తొట్టిలో పోస్తూ ఉంది, పిల్లలు తొట్టిలో ముంచుకుంటున్నారు.

కుండకు పట్టుకునే చోటు లేదు. తడిసినాక జారుతుంది. తిరుమలమ్మ రెండు మాట్లు జారవిడవబోయి, తెలివిగా కుండను ఎడమ భుజానికి ఎత్తుకుంది. ఎడమచెయ్యి పైన ఆనించి వంకమడి చుట్టూ నడిచింది. చిల్లుల్లోంచి నీళ్ళు వెనక్కి సన్నగా ధార కట్టి, జడ మీదా మొక్కల మీదా పడినాయి. అది చూసి తక్కిన పిల్లలూ భుజాలకు ఎత్తుకున్నారు. ఒకరి వెనక ఒకరు వరసగా మడి చుట్టూ తిరుగుతున్నారు. నేను వరండాలో నిలబడి చూస్తున్నాను. బాగుందనుకున్నాను. నీళ్ళు అన్ని మొక్కలకూ సమంగా పడుతున్నాయి అనుకున్నాను.

పోలేరమ్మ చేద వదిలేసి వచ్చింది. అరవలేదు. ఒక్కొక్క పిల్ల భుజం మీది నుంచి కుండ దించి నేల మీద బోర్లించింది. పిల్లలు ఆట అనుకుని నవ్వుతున్నారు. అందరివీ దించినాక నా దగ్గరికి వచ్చింది.

"అయ్యోరమ్మా, ఈ కుండలు ఎవురికి జేపిస్తిరి?"

"పిల్లలకు."

"బిడ్డలు యా బుజాన పెట్టుకున్న్యారో సూస్తిరా?"

"ఎడమ భుజాన."

"నా మొగుడు పోయినప్పుడు నా కొడుకు ఇట్లే మోసినాడమ్మా. ఇట్లే మూడు సుట్లు. సుట్టుకొక సిల్లి."

నాకు అప్పుడు కనిపించింది. లేదు, అప్పుడు కనిపించిందని రాయడం సరికాదు. కనిపిస్తూనే ఉండింది.

మా ఆయనకు మరిది మోసినాడు. కృష్ణమూర్తి చిన్నవాడు గనుక వాణ్ణి పక్కన నడిపించి వాడి చెయ్యి కుండకు ఆనించినారట. ఇంటికి వచ్చేసరికి వాడి చొక్కా ఎడమవైపు తడిసి ఉండింది. ఎవరో వానా అని అడిగినారు. నేనే ఆ చొక్కా విప్పినాను.

ఆనందమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "నాకు తెలిసి ఉంటే చెప్పేదాన్నక్కా. మాకు పెట్టె గదా" అన్నది.

ఫిబ్రవరి 12

పొద్దున్నే తల్లులు వచ్చినారు. గేటు దగ్గరే నిలబడినారు. రాత్రికి రాత్రే పిల్లలకు తలంటు పోసి దిష్టి తీసినారట. ఒకామె, అయ్యోరమ్మకు కొడుకు బెంగతో మతి తప్పిందని పక్కామెతో అంది. నాకు వినపడేటట్టే అంది. తప్పుగా తోచలేదు.

అందరి తరఫునా నేను క్షమించమని అడిగినాను. అందరి తరఫునా అని ఎందుకన్నానో. చేసింది నేనొక్కదాన్నే గదా.

తిరుమలమ్మ తల్లి మాత్రం కోపపడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి, అందరూ అయినాక అడిగింది.

"మా బిడ్డ ఎవురికి మోసినట్టమ్మా?"

ఆమె పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది. ఇక బడికి పంపనంది.

ఫిబ్రవరి 13

ఎవరికి మోసినట్టు?

ఫిబ్రవరి 14

బడిలో ఎవరూ నీళ్ళు పోయలేదు. మిరపనారు తలలు వాల్చింది. వెంకటమునిని పిలిపించి కుండలు తీసుకుపొమ్మన్నాను. కాల్చిన చిల్లుల కుండ తిరిగి ఇంటికి తీసుకుపోకూడదట.

అన్నీ తెలిసి ఎందుకు చేసిచ్చినావని అడిగినాను. నిష్ఠూరంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగినాను.

"మీ ఇంట్లో కార్యం ఉండాది గావాల అనుకున్నానమ్మా. గురప్ప నాకు తెలిసినోడే. మీ చిన్నబ్బ సంగతి నాతో చెప్పినాడు. ఒక కుండకు బదులు అమ్మ ఇన్ని ఎందుకు అడగతాదని నాకూ తోచలా. దుఃఖంలో ఉండే తల్లిని మళ్ళా మళ్ళా అడిగేదెట్లా?"

నేను బోలెడన్ని అడిగినాను. ఒకటి సరిపోయేదానికి.

పోలేరమ్మ బడిగోడ వెనక కుండలన్నీ పగలగొట్టింది. క్లాసులో కూర్చుని ఆ చప్పుడు విన్నాను. పిల్లలకు ఎక్కాలు చెప్పిస్తున్నాను. తరువాత పోయి చూస్తే ఒకటి మిగిలి ఉంది. దాన్ని ఉండనివ్వమన్నాను. పోలేరమ్మ చేతిలోని రాయి కింద పడేసింది.

ఫిబ్రవరి 17, ఆదివారం

రెండు రోజులు రాయలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున పూజ అయినాక ఎప్పటిలాగే కుంకుమ భరిణె చంద్ర ముందు పెట్టినాను. ఆ పిల్ల వేలు ముంచింది. నొసటికి తీసుకుపోలేదు. వేలు వైపే చూస్తూ ఉండింది.

"అత్తా, ఊరంతా కుండల సంగతే చెప్పుకుంటా ఉండారు."

తెలుసన్నాను.

"మీరు వెంకటమునికి మూడే చాలంటిరంట."

అవునన్నాను.

అప్పుడు చెప్పింది. పోయిన నెల పాకాలకు పోయినప్పుడు గురప్పను ఇంటికి పిలిపించి, వాళ్ళ నాయన ఎదుట అన్నీ మళ్ళీ అడిగిందట. అక్టోబరులో నేను గురప్పను ఎక్కువ మాట్లాడనివ్వలేదు గదా, మజ్జిగ చేతికిచ్చి లేపేసినాను గదా. చంద్ర సాయంత్రం దాకా కూర్చోబెట్టి అడిగిందట.

"అందరూ పొట్టే అయిపోయినారంట అత్తా. తిండి లేక, నడుములు వంగిపోయి. గురప్పను సూస్తిరి గదా, ఆయనా అట్లే అయిపోయినాడు."

నేను భరిణె మూత వెతుకుతూ ఉన్నాను. చేతిలోనే ఉండింది.

"కడాకు మాట పడిపోయిందంట. కళ్ళు మూసుకోని కుడిచెవి నలుపుకుంటానే ఉన్న్యాడంట. గురప్పకు అది వింతగా తోచి గుర్తుండిపోయింది. నేను అడగలేదత్తా. ఆయనే చెప్పినాడు."

వీధిలో ఎవరో ఉప్పు అని కేకేసుకుంటూ పోతున్నారు. ఆ కేక మలుపు తిరిగేదాకా ఇద్దరం విన్నాము. నాకు ఒక్కటే అడగాలనిపించింది.

"నీళ్ళు అడిగినాడా?"

"అడిగినాడంట. గురప్ప టెంకాయ చిప్పతో తాపినాడంట."

మంచిదన్నాను. మంచిది అనే అన్నాను.

మరి ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరు నోటితో అనేదాకా బొట్టు తియ్యనని మా నాయనతో చెప్పినా. మీకోసరమే పెట్టుకుంటా ఉండా" అన్నది. దాని వేలికి కుంకుమ అట్లాగే ఉంది, ఎక్కడా తుడుచుకోలేదు.

దాని బొట్టు కోసమే నేను ఒప్పుకోవడం లేదని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చినాను. అది నా కోసం పెట్టుకుంటూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి, ఇద్దరం ఒకరికొకరు ఆ భరిణె అందించుకుంటూ ఉన్నాము.

"కృష్ణమూర్తి పోయినాడు" అన్నాను.

అన్నాను. ఏమీ కాలేదు. దేవుడి ముందు దీపం వెలుగుతూనే ఉంది. చంద్ర నా ఒడిలో తల పెట్టి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. దాని జుట్టు చిక్కుపడి ఉంటే వేళ్ళతో తీస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 18

కృష్ణమూర్తి పోయినాడు.

రాసి చూసుకున్నాను.

ఫిబ్రవరి 20

మరిదిని పిలిపించినాను. వచ్చే అమావాస్యకు కార్యం పెట్టుకోమన్నాను. తన కొడుకు చేతనే చేయిస్తానన్నాడు. ఏవేవి కావాలో చెప్తూ, కొత్త కుండ అనబోయి ఆగిపోయినాడు.

"అనవయ్యా. ఊరంతా అన్నదే గదా" అన్నాను.

"ఊరికి తెలిసేదానికి ముందు మీకే తెలిసింది వదినా" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

చంద్ర సంగతి మాత్రం గట్టిగా చెప్పినాను. ఆ పిల్లను నలుగురు ముత్తైదువల మధ్య కూర్చోబెట్టి గాజులు పగలగొట్టేది లేదు. ఎవరినీ పిలిచేది లేదు. మరిది లోకం ఏమంటుందో అన్నాడు. లోకం నాకు ఇప్పటికే మతి తప్పిందని అనుకుంటూ ఉంది గనుక ఇంకొక మాటకు చోటుందన్నాను. నవ్వినాడు. నేనూ కొంచెం నవ్వినాననుకుంటాను.

ఫిబ్రవరి 25

పోలేరమ్మ ఒక్కతే బిందెతో నీళ్ళు పోస్తూ ఉంది. మిరప పోయింది. బెండ సగం పోయింది. వంక నిలిచింది.

మార్చి 3, అమావాస్య

తెల్లవారక మునుపే మగవాళ్ళు స్వర్ణముఖి గట్టుకు పోయినారు. దర్భలు, మోదుగ ఆకులు, నువ్వులు, కుండ. ఆడవాళ్ళు పోకూడదు. గడప దగ్గర నిలబడి పంపించినాను.

తరువాత పెరట్లో చంద్రను పీట మీద కూర్చోబెట్టి, తడిగుడ్డతో నొసలు నేనే తుడిచినాను. గాజులకు నూనె రాసి ఒక్కొక్కటిగా తీసినాను. ఒక్కటీ పగల్లేదు. గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టినాను. నాకు ఆ రోజు రాయితో కొట్టినారు. మణికట్టు మీద గాటు ఇప్పటికీ ఉంది.

ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. మొక్కలు ఎట్లున్నాయో చూసి వస్తానన్నాను. చంద్ర తానూ వస్తానంది. ఆదివారం గనుక బడిలో ఎవరూ లేరు. మడి బీటలు వారి ఉంది. నీళ్ళు పొయ్యక తప్పదు. పోలేరమ్మ బిందె గదిలో పెట్టి తాళం వేసుకుని పోయింది. గోడ వెనక ఆ మిగిలిన కుండ ఉంది.

చంద్ర చేదింది. నేను నింపుకున్నాను. చేతుల్లో పట్టుకుంటే జారింది. తిరుమలమ్మ తెలివైన పిల్ల, భుజాన పెట్టుకుంటేనే సులువు. ఎడమ భుజాన పెట్టుకుని వంకమడి చుట్టూ నడిచినాను. నీళ్ళు చల్లగా వీపు మీద పడుతూ ఉండినాయి. రవిక తడిసింది. ఒక చుట్టు. రెండో చుట్టుకు కుండ తేలికైంది. మడి చుట్టూ మట్టి నల్లబడింది. మూడో చుట్టులో ఒక్క కింది చిల్లిలోంచే సన్నగా కారింది, అదీ మెల్లగా ఆగింది.

ఇట్లా తల్లి చేసేది ఎక్కడా లేదని నాకు తెలుసు. నేను కార్యం చేయలేదు. మొక్కలకు నీళ్ళు పోసినాను.

"ఇంక వదిలెయ్యండి అత్తా" అన్నది చంద్ర.

వెనక్కి వదిలినాను. పగిలిన చప్పుడు వినిపించింది. వెనక్కి తిరిగి చూడకూడదు, చూడలేదు. ఇద్దరం బావి దగ్గర తలకు పోసుకుని, తడిబట్టలతోనే ఇంటికి వచ్చినాము.

మార్చి 4

సహస్రనామం చదివినాను. నడుమ ఎక్కడా తప్పలేదు.

మార్చి 12

గంగాధరం నాయుడు గారు వచ్చి చిత్తూరు సంగతి ఖాయం చేసుకుని పోయినారు. వేసవి కాగానే చంద్రను చేర్పించవలె. ట్రంకు పెట్టె నాదే ఇస్తాను. మద్రాసుకు నాతో వచ్చినది.

మార్చి 18, సోమవారం

రేకుల సాయిబు కబురు చేస్తే పోయినాను. అరక్కోణంలో మిలిటరీ వాళ్ళు పనికిరాని సామాను వేలం వేసినారట. ఖాళీ పాలపొడి డబ్బాలు మూటలు మూటలుగా తెచ్చినాడు. వాటికి చిన్న ముక్కు, ముక్కుకు జల్లెడ, పైన వంపు పిడి అతికించి, రెండు నమూనాలు చేసి పెట్టినాడు. ఒకటి నిండా నింపి నా చేత్తో ఎత్తి చూసినాను. సగం నింపితే చిన్న పిల్లలకు సరిపోతుంది. అంచు మడిచినాడు, తెగదు. అవే చెయ్యమన్నాను.

డబ్బాల మీద నల్లని ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. గీకి తీసేయనా అని అడిగినాడు.

సింగపూరు నుంచి వాడు మొదట రాసిన ఉత్తరంలో ఉండింది. నా పని డబ్బాలు లెక్కపెట్టడమే అమ్మా, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పాల డబ్బాలు, బిస్కత్తు డబ్బాలు, ఇంకేం యుద్ధం లేదు, నువ్వు భయపడవద్దు అని.

ఉండనివ్వమన్నాను. సాయిబు అంగడి ముందు నిలబడి ఉండగానే కళ్ళలోంచి నీళ్ళు వచ్చినాయి. ఆనందమ్మ గొడుగు తెరిచి నాకు అడ్డం పట్టుకుంది. ఎండకు అన్నట్టు పట్టుకుంది.

మార్చి 29

డబ్బాలు ఇచ్చినాము. వంక మళ్ళీ నాటించినాము, కొత్త మిరపనారు పోసినాము. పిల్లలు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. పోలేరమ్మ ఒక్కొక్క డబ్బా తిప్పి తిప్పి చూసి, చిల్లులు మూడు కాదని చూసుకుని మరీ ఇచ్చింది.

తిరుమలమ్మ తల్లి గేటు దగ్గరికి వచ్చింది. పిల్ల కొంగు వెనక దాక్కుని ఉంది. నేనే పోయినాను.

"ఆ దినం అడిగితివి గదమ్మా, నీ బిడ్డ ఎవరికి మోసిందని" అన్నాను. "నా కొడుక్కు మోసింది. కార్యం అయిపోయింది. ఇంక నీ బిడ్డ మీద ఏమీ లేదు."

ఆమె నా చేతులు పట్టుకుంది. పిల్లను ముందుకు తోసింది.

తిరుమలమ్మ తన డబ్బా తొట్టిలో ముంచుకుని, సగం నీళ్ళు ఒంపేసి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, బుజాన పెట్టుకోవచ్చునా?"

"వద్దమ్మా. దీనికి పిడి ఉంది గదా. చేత్తో పట్టుకో."